చిట్టి కారుకి మిణుకు దీపాలు

అనగా అనగా కాలవ ఒడ్డున ఒక ఊరుందిట. ఆ ఊళ్ళో పెళ్ళిపందిళ్ళకి దీపాలు కట్టే ఇల్లొకటుంది. ఊ కొడుతున్నావా తల్లీ? ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది మరి.

ఆ ఇంటాయన పేరు వీరభద్రం. ఊరంతా ఆయన్ని లైటింగు భద్రం అంటారు. ఆయన భార్య కనకం. వాళ్ళకి దేవిక అని ఒక్కతే కూతురు, నీకంటే రెండేళ్ళు పెద్దది. భద్రానికి మేనత్త మంగాయమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. దేవిక ఆవిడని మామ్మా అని పిలిచేది. పిలిచేది అన్నానే గానీ, ఆవిడకి వినపడదు. ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. కళ్ళు మాత్రం భలే కళ్ళు. వంద బల్బుల దండలో నల్లబడిన ఒక్క బల్బుని గుమ్మం దగ్గర్నుంచే వేలుపెట్టి చూపించేది.

ఆవిడకో పనుంది. పెళ్ళి అయిపోయాక సీరియల్ సెట్లు, అదే, ఆ బల్బుల దండలన్నీ చిక్కుపడిపోయి గోనెసంచుల్లో ఇంటికొస్తాయి. మామ్మ వసారాలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని వాటి చిక్కు తీసేది. తీసి, బొటనవేలికీ మోచేతికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టేది. అలా చుడితే మళ్ళీ చిక్కుపడవు. ఆ చుట్టడం ఆవిడ చుట్టాలి, మనం చూడాలి.

ఇలా ఉండగా దేవిక పుట్టినరోజుకి వాళ్ళ పిన్ని ఒక బొమ్మకారు తెచ్చింది. అరచేతిలో పట్టేంత ఎర్ర కారు. చేతిలో రిమోట్ నొక్కితే జుయ్యిమని పరుగెత్తుతుంది. దేవికకి అన్నం వద్దు, నిద్ర వద్దు, కారుంటే చాలు. అచ్చం ఎవరిలాగానో నేను చెప్పనులే.

అయితే ఆ జుయ్యి మామ్మకి వినపడదు కదా. మొదటిసారి కారు వచ్చి ఆవిడ మడమకి తగిలింది. ఆవిడ ఎలకనుకుని కాళ్ళు ముడుచుకుంది, తర్వాత నవ్వేసింది. రెండోసారి వెనకనుంచి వచ్చి నడుముకి తగిలింది. ఉలిక్కిపడి ఒళ్ళో ఉన్న దండంతా పారేసింది, పొద్దుటినుంచి తీసిన చిక్కు మళ్ళీ పడింది. మూడోసారి ఆవిడ లేచి లోపలికి వెళ్ళబోతూ, వెనకాల ఆగి ఉన్న కారు మీద కాలు వేసింది. దబ్బున పడింది. మణికట్టు వాచిపోయింది.

కనకం మామ్మ చేతికి పసుపూ సున్నం పట్టు వేసింది. ఆ తర్వాత కారుని తీసుకెళ్ళి బీరువా మీద పెట్టింది. శుక్రవారం మా అన్నయ్య వస్తున్నాడు, కారు వాళ్ళ పిల్లలకి ఇచ్చి పంపేస్తాను అంది. అప్పటికి అది మంగళవారం. దేవిక ఏడవలేదు. మామ్మ పక్కన కూర్చుని ఆ వాచిన చెయ్యే చూస్తూ ఉండిపోయింది. అది చూడలేకపోయాడు వాళ్ళ నాన్న.

అప్పుడు భద్రం ఒక మాట అన్నాడు. అత్తకి చెవులు లేవు గానీ కళ్ళున్నాయిగా, కారుకి మిణుకు మిణుకుమనే దీపాలు కడదాం, అదొస్తుంటే కనపడుతుంది అన్నాడు.

"కట్టండి, తోరణాలు కూడా కట్టండి," అంది కనకం. "ఆవిడ ఇంకొక్కసారి ఉలిక్కిపడితే మాత్రం కారు మా అన్నయ్యతో వెళ్ళిపోతుంది."

బుధవారం నాడు భద్రం కారుని బీరువా మీంచి దించి పైమూత విప్పాడు. వాటంతట అవే ఎర్రగా మిణికే బుల్లి బల్బులు నాలుగు తెచ్చాడు, పెసరగింజలంత ఉంటాయి. ముందు రెండు, వెనక రెండు పెట్టాడు. ఒకదాని కాలు ఇంకొకదాని కాలికి కలుపుతూ, పందిరికి దండ కట్టినట్టే, నాలుగింటినీ వరసగా కట్టేశాడు. మీట నొక్కితే ఒక్కటీ వెలగలేదు. బల్బులు మార్చాడు, సెల్సు మార్చాడు. ఊహూఁ. కనకం అటుగా వెళ్తూ, ముహూర్తం టైము ఇంకా అవలేదేమోలెండి అంది.

ఎందుకు వెలగలేదో తెలుసా? పందిరి దండకి గోడలోంచి బోలెడంత కరెంటు వస్తుంది. ఎంతమంది పంచుకున్నా చాలుతుంది. కారులో ఉన్నవి వేలెడంత సెల్సు మూడు. వాటిది కాస్తంత బలం. దాన్ని నాలుగు బల్బులూ వరసలో నిలబడి పంచుకుంటే ఒక్కదానికీ సరిపోలేదు. దేవిక కాసేపు చూసి, దేని తీగ దానికి వేరేగా ఇవ్వకూడదా నాన్నా అంది. భద్రం నాలిక కరుచుకున్నాడు. పాతికేళ్ళబట్టీ దండలు కట్టిన చెయ్యి కదా, విడివిడిగా కట్టాలని దానికి తోచలేదు పాపం.

గురువారం నాడు ఒక్కో బల్బుకి ఒక్కో తీగ వేశాడు. కరెంటు మరీ ఎక్కువ తాగి మాడిపోకుండా ఒక్కోదానికి గింజంత అడ్డు కూడా పెట్టాడు. ఆ తీగలన్నీ తీసుకెళ్ళి దగ్గర్లో ఉంది కదా అని మోటారుకి అంటించాడు. దేవిక రిమోట్ నొక్కింది. కారు ముందుకి పరుగెత్తింది, నాలుగు దీపాలూ మిణుకు మిణుకుమన్నాయి. తండ్రీ కూతుళ్ళు చప్పట్లు కొట్టుకున్నారు. కారు ఆగింది. దీపాలు ఆరిపోయాయి. వెనక్కి నడిపితే అసలు వెలగనే లేదు.

"ఆగినప్పుడే కదండీ ఆవిడ తొక్కింది," అంది కనకం.

నిజమే మరి. మోటారు తిరిగితేనే దానికి కరెంటు వస్తుంది. ఆగితే కారు మళ్ళీ చీకటి కారే. వెనక్కి తిరిగితే కరెంటు ఎదురు దారిలో వస్తుంది, ఆ బుల్లి బల్బులకి అది పడదు.

శుక్రవారం పొద్దున్నే లేచి భద్రం తీగలన్నీ ఊడదీశాడు. ఈసారి మోటారు జోలికి పోకుండా సెల్సు దగ్గర్నుంచే తెచ్చి కలిపాడు. మీట వేయగానే దీపాలు మిణకడం మొదలెట్టాయి. కారు నడిచినా మిణుకే, ఆగినా మిణుకే, వెనక్కి వెళ్ళినా మిణుకే. అప్పటికి కనకం వాళ్ళన్నయ్య వచ్చి వసారా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. దేవిక చేతిలో ఉన్న కారు కోసం కనకం చెయ్యి చాపింది. ఒక్కసారి నడిపి చూపిస్తాను అంది దేవిక.

మామ్మ పట్టు కట్టిన చేత్తోనే నెమ్మదిగా దండ చుట్టుకుంటోంది. దేవిక గుమ్మం దగ్గర్నుంచి కారు వదిలింది. కారు మిణుక్కుంటూ వెళ్ళి మామ్మ వీపుకి జానెడు దూరంలో ఆగింది. నాలుగు దీపాలూ ఎంత మిణికినా మామ్మ తిరగలేదు. ఎలా తిరుగుతుంది, ఆవిడకి వీపున కళ్ళు లేవుగా. భద్రం మొహం వాడిపోయింది. ఇంత పనీ చేసి ఈ సంగతే మర్చిపోయాడు. కనకం ఒక అడుగు ముందుకేసింది.

దేవిక గబుక్కున కారుని వెనక్కి లాగింది. గోనెసంచుల పక్కనుంచి తిప్పింది. అరుగు అంచు మీదుగా, మామయ్య చెప్పుల మధ్యనుంచి పోనిచ్చి, చుట్టూ తిప్పి తెచ్చి మామ్మకి ఎదురుగా ఆపింది. దగ్గరికి కాదు. రెండు మూరల దూరంలో ఆపింది. ఆపి, రిమోట్ కింద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

దీపాలు మిణుకుతున్నాయి. మామ్మ చేతిలో దండ ఆగింది. ఆవిడ కారువంక చూసింది. నాలుగు బల్బుల్నీ ఒక్కొక్కటే చూసింది, మాడిందేమైనా ఉందేమోనని. ఏదీ లేదు. అప్పుడు బారజాపుకున్న కాళ్ళు నెమ్మదిగా దగ్గరికి తీసుకుని, కారుకి దారిచ్చింది.

"రా నాయనా, వెళ్ళు," అంది.

కనకం కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళన్నయ్య పిల్లలకి డబ్బానిండా జంతికలు కట్టింది. కారు మాట ఎత్తలేదు. వంటింట్లోంచే, అన్నం వడ్డిస్తున్నాను, మీ మామ్మని పిలుచుకురా అని కేకేసింది. మామ్మని పిలవాలంటే దగ్గరికెళ్ళి భుజం తట్టాల్సిందేగా. దేవిక అటు వెళ్ళబోయింది.

"నువ్వెందుకే," అంది కనకం లోపలినుంచి, "కారుని పంపించు."

కారు వెళ్ళి మామ్మ ముందర మిణుక్కుంటూ నిలబడింది. మామ్మ ఒళ్ళోని దండ పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. కారు ముందు, మామ్మ వెనక, ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. ఆ రోజునుంచీ రోజూ అంతే.

ఎర్ర దీపం మిణుకు మిణుకు,
మామ్మ నడక కులుకు కులుకు,
కథకేమో కంచిదాకా ఉరుకు,
మనకేమో ఇంట్లోనే కునుకు.