తెల్లకణాల నడక

విశాఖలో కొండమీద ఒక ప్రయోగశాల. అక్కడ ఇమ్మానియేల్ మూడేళ్ళుగా తెల్లరక్తకణాల నడక చూస్తున్నాడు. ఒంట్లో ఎక్కడ పుండు పడినా ఆ కణాలు జాడ పట్టుకుని అటే వెళ్తాయి. వాటి పైపొరలో కొలెస్ట్రాల్ ఉంటుంది. దాన్ని మందుతో లాగేస్తే ఏమవుతుందన్నది అతని ప్రశ్న.

ఆ రోజు లాగేశాడు. ఒక్క కణమూ కదల్లేదు.

కణాలు అతని సొంత చేతి రక్తంలోవే. అందుకేనేమో గర్వం రెండింతలైంది. కొత్త సంగతి తేలితే మిఠాయి పంచడం ఆ ప్రయోగశాల రివాజు. నేతి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని, తనకి పరిశోధన నేర్పే నరహరి మాస్టారి ముందు నిలబడ్డాడు.

“లోకమంతా కొలెస్ట్రాల్‌ని తిట్టేదే మాస్టారూ! కణాలకి కాళ్ళే అదని నేను తేల్చేశాను. సోమవారం పరిశోధకుల సభలో చెప్పేస్తాను.”

మాస్టారు డబ్బా అందుకున్నారు. మూత తీయకుండానే సొరుగులో పెట్టేశారు.

“పద, టీ తాగొద్దాం.”

మెట్ల దగ్గరికి రాగానే ఉన్నట్టుండి శిష్యుడి కళ్ళజోడు లాగేసుకున్నారు. సోడాబుడ్డి అద్దాలవి.

“దిగు.”

రోజూ దూకుతూ దిగే మెట్లే. ఇమ్మానియేల్ కాలితో ఒకటి తడిమాడు. రెండోది అందలేదు. గోడ పట్టుకుని బిగుసుకుపోయాడు.

“జోడు తీశాను, నడక ఆగింది. నీ కాళ్ళు ఈ జోడేనని రాసుకోనా?”

ఇమ్మానియేల్ జోడు కోసం గాల్లో చెయ్యి చాపాడు.

“ప్రాణం పోయినా ఆగిపోయేవాడివేనోయ్” అంటూ మాస్టారు జోడు తిరిగి అతని ముక్కుమీద పెట్టారు.

ఇమ్మానియేల్ చకచకా రెండు మెట్లు దిగి, మూడోదాని మీద ఆగిపోయాడు. తీయడమైతే తీశాడు. కొలెస్ట్రాల్‌ని కణాలకి తిరిగి ఇచ్చి చూడలేదు. అవి బతికున్నాయో లేదో కూడా చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

టీ తాగకుండానే వెనక్కి వెళ్ళాడు. చూస్తే సగానికి పైగా కణాలు చచ్చిపోయి ఉన్నాయి. సోమవారం సభ జాబితాలో తన పేరు తనే కొట్టించుకున్నాడు. తలకొట్టేసినట్టయింది.

మళ్ళీ చెయ్యి చాపి రక్తం తీయించుకున్నాడు. మందు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. పదకొండో రోజుకి కణాలు బతికాయి. కొలెస్ట్రాల్ తీసేస్తే దారి తెలియక ఉన్నచోటే తచ్చాడాయి. తిరిగి ఇచ్చాక తిన్నగా బయల్దేరాయి.

“మాస్టారూ, ఒకసారి చూస్తారా?” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మాస్టారు మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశారు. తల ఎత్తేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. కొడుకు గెలిచినా అంత పొంగిపోయేవారు కాదేమో.

లేచి వెళ్ళి సొరుగులోంచి డబ్బా తెచ్చారు. మైసూర్‌పాక్ రాయైపోయింది. ఒక ముక్క విరవడానికి ఇద్దరూ పట్టాల్సొచ్చింది.

మాస్టారు కష్టపడి కొరికారు.

“ఇప్పుడు తియ్యగా ఉందోయ్” అన్నారు.