మౌలాలి కంబళి

మౌలాలికి నడుం చుట్టూ ఒకటే దురద. ప్రాణం పోతున్నా గోకడు. గోకితే ఓడిపోయినట్టేనని అతని పట్టుదల.

ఫకీరు దీక్ష తీసుకున్న రోజున కంబళి ఒంటి మీంచి తీయనని ఒట్టు పెట్టుకున్నాడు. మండుటెండల్లో అది చెమటకు నాని ముద్దయింది. అయినా తీయలేదు. "అబ్బ, ఏం నిష్ఠ!" అని దర్గాలో తోటివాళ్లు అంటుంటే లోలోపల తెగ మురిసిపోయాడు.

కంబళి కింద ఎర్రటి చక్రాలు లేచాయి. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. అంచులు మాత్రం పొట్టు రేగుతూ రోజురోజుకీ పాకుతున్నాయి. అల్లా పెట్టిన పరీక్ష అనుకున్నాడు పిచ్చివాడు.

నమాజుకు ముందు గురువు కరీముల్లా పీరు కాళ్లూ చేతులూ కడుక్కుంటే, తన కంబళి కొసతో తుడవడం మౌలాలి పని. ఆ పని ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు తుడవబోతుంటే గురువు చేయి వెనక్కి తీసుకున్నాడు. ముంజేతి మీద ఎర్రటి చక్రం.

"బాబా! ఇది తామర! ఎట్ల వచ్చింది మీకు?"

"ఏమో నాయనా. గోక్కోలేక చస్తున్నా."

మౌలాలి మందుల షాపుకు పరుగెత్తాడు. ఆయింట్‌మెంట్ తెచ్చి, గురువు చేతిని కడిగి ఆరబెట్టి, పసిబిడ్డకు పూసినంత మెల్లగా పూశాడు.

"అంచు దాటి చుట్టూ పూయాలంట బాబా. తగ్గినట్టు కనబడినా షాపాయన చెప్పినన్నాళ్లూ మానకూడదంట. చెమట బట్టలు ఒంటి మీద ఉంచుకోకూడదంట. ఒకరు తుడుచుకున్న గుడ్డ ఇంకొకరు..."

కంబళి కొస వైపు చూసుకున్నాడు.

"నావల్లే బాబా! పాపిష్టివాణ్ణి."

"ఏదీ, కంబళి తియ్యి."

"నా నడుం మీది పరవాలేదు బాబా. పరీక్ష అనుకుని ఓర్చుకుంటున్నా."

గురువు నవ్వాడు. అతని చేతిలోంచి మందు తీసుకుని మూత తిప్పాడు.

"నా చేతి మీద లేస్తే రోగం, నీ నడుం మీద లేస్తే తపస్సా, బేటా?"

మౌలాలి కంబళి విప్పాడు.