పిందెకు కుట్టించిన జీను

కొండ కింద సన్యాసినాయుడి పశువులపాకలో మూడే నోళ్ళు: ముసలి గుర్రం చుక్కమ్మ, దాని కూతురు పిందె, ఎద్దు గోపన్న. చుక్కమ్మకు వయసైపోయిందని నాయుడు ఇక పిందెనెక్కి తిరుగుదామనుకున్నాడు. కొత్త తోలుజీను కుట్టించాడు. పదిరోజులు అలవాటు చేసి, పదకొండోనాడు కొండమీది సంతకు వెళ్ళాలి. పిందె ఎక్కలేకపోతే అమ్మేస్తానన్నాడు.

చుక్కమ్మ జీనును మూతితో తడిమింది. చెక్కముక్కలా గట్టిగా ఉంది! ఆపూట మేత సహించలేదు.

"పిందే, జీను తెచ్చినప్పుడల్లా కుంటు."

"నాకేం నొప్పి లేదే అమ్మా!"

"రాకూడదనే చెబుతున్నా. కుంటు."

పిందె కుంటింది. "దీని కాలు బాగయ్యేలోగా తోలైనా మెత్తబడనీ" అంటూ నాయుడు జీను చుక్కమ్మకు బిగించాడు. దానికి కావలసిందీ అదే. రోజూ ఆ బరువుతో గట్టంతా తిరిగి, పొద్దువాలేసరికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది.

"ఎందుకక్కా ఈ తిప్పలు? మొక్కై వంగనిది మానై వంగునా? పిల్లనే రోజూ కాసేపు మొయ్యనీ," అన్నాడు గోపన్న.

"నీకేం, మెడంతా కాయలు కాసింది. దాని వీపు వెన్నముద్దయ్యా!"

"కాడి పడేదాకా నా మెడా వెన్నముద్దేనక్కా."

"చాల్లే. బిడ్డల్లేనివాడివి, నీకేం తెలుస్తుంది!"

గోపన్న నెమరు ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

పదోనాటికి జీను ఎటు వంచితే అటు వంగింది. చుక్కమ్మ మనసు కుదుటపడింది. ఇక కుంటక్కర్లేదని పిందెకు చెప్పింది.

పదకొండోనాడు పిందె కుంటలేదు. నాయుడు దాన్నెక్కి కొండదారి పట్టాడు. చుక్కమ్మ దారివైపే చూస్తూ నిలబడింది.

ఎండ నడినెత్తికి రాకముందే నాయుడు నడిచి దిగొచ్చాడు. వెనకాల పిందె. మూపు మీద అరచేయంత తోలు లేచిపోయింది.

"అంత మెత్తగా చేసిపెట్టాను కదే!" అంది చుక్కమ్మ.

"మెత్తగానే ఉందమ్మా. కానీ నీ నడుము పల్లానికి కుదిరిపోయింది. నా మూపేమో ఎత్తు. పైగా బరువెలా మొయ్యాలో నాకెక్కడ తెలుసు? మొదటి మలుపుకే ఊపిరాడలేదు."

"పుండు మానగానే దీన్ని అమ్మేస్తా," అన్నాడు నాయుడు. జీను విప్పి చుక్కమ్మ మీద వేసి, మళ్ళీ కొండదారి పట్టాడు.

జీను చుక్కమ్మకు ఎక్కడా ఒత్తలేదు.

ఎవరు మొయ్యాల్సిన జీను వాళ్ళ వీపు మీదే మెత్తబడాలి.