పోలమ్మ మాట

అనగనగా, సముద్రం ఇంకా కుర్రతనంతో ఒడ్డెక్కి చిందులేసే కాలంలో, ఒక రేవులో పోలమ్మ అనే పగటివేషగత్తె ఉండేది. ఆమె మీసం అతికిస్తే పులులు దారి తప్పుకునేవి. దగ్గితే తెరచాపలు చిరిగేవి. అంతటి మనిషీ మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ లేచేది. బాగా అలిసిపోయింది.

అవతలి దేశంలో దుంగలు మోయడానికి కూలీలు ఆ రేవులోనే ఓడెక్కేవారు. పోలమ్మ మొగుడూ అలాగే వెళ్లాడు. "నా వల్ల కాదు" అనడం అక్కడి భాషలో రాక, జ్వరంతోనే మోసి, దుంగ కిందే పోయాడు. ఆ కబురు విన్న పోలమ్మ, ఆ దేశపు సరంగుల దగ్గర వాళ్ల భాషంతా ఒక్క పూటలో పట్టేసింది. అప్పటినుంచి ఓడకోసం కాచుకున్నవాళ్లకి ఆటల్లో నేర్పేది.

బియ్యం కొట్టువాడి వేషం కట్టింది. బేరమాడి నేర్చుకున్నారు. మంత్రసాని వేషం కట్టింది. మూలిగి నేర్చుకున్నారు. కూలీల చేత దుంగలు మోయించే మేస్త్రీ వేషం కట్టింది. అందరూ చేతులు కట్టుకుని నిలబడిపోయారు!

"నాను మేస్త్రీనర్రా! కాదనండి నన్ను!"

"తలపాగా ఎట్టినోడిని ఎలా కాదంటామప్పా?" అంది ఎర్రాజి. చూలాలు. మర్నాడే ఆమె ఓడ.

"ఎత్తు," అంది పోలమ్మ ఆ భాషలో. ఎర్రాజి ఇసక గంప ఎత్తింది. "ఎత్తు." మళ్లీ ఎత్తింది. "ఎత్తు!" కళ్లనీళ్లు కారుతున్నా ఎత్తింది. "నా వల్ల కాదు" అని మాత్రం అనలేకపోయింది.

పోలమ్మ మీసం పీకి ఎర్రాజికి అతికించింది. "ఇప్పుడు నువ్వు మేస్త్రీవే. నాను కూలిదాన్ని."

"ఎత్తు," అంది ఎర్రాజి నవ్వాపుకుంటూ. పోలమ్మ ఎత్తింది. ఆ గంప చూసి ఏనుగులు తొండాలు ముడుచుకున్నాయి. "ఎత్తు." ఎత్తింది. "ఎత్తు." ఎత్తింది. మోకాళ్లు వంకర్లు పోయాయి. ఆ మాట ఆమెకి వచ్చు. అనలేదు.

"సాలప్పా, దించీ!"

పోలమ్మకి తెలుగు వినపడనట్టే ఉంది. తూలుతూ నడుస్తూనే ఉంది.

ఎర్రాజి మీసం పీకి పారేసింది. రేవు అదిరేలా ఆ దేశపు భాషలో అరిచింది: "ఆమె వల్ల కాదు! దించండి!" కూలీలంతా అందుకున్నారు. ఆ కేకకి లంగరేసిన ఓడలు ఆమడ దూరం వెనక్కి పోయాయి.

పోలమ్మ గంప దించింది. "వచ్చీసింది తల్లీ. ఇంక తొంగుంటాను," అంది. ఇసకలోనే పడుకుంది. మరి లేవలేదు.

ఎర్రాజి ఓడెక్కింది. ఇప్పటికీ అవతలి ఒడ్డున మనవాళ్లలో అలిసినవాడు తన సంగతి తాను చెప్పుకోడు. చెప్పుకోలేడు. పక్కవాడే బరువు మీద చెయ్యేసి, వాడి బదులు ఆ మాట అంటాడు. సాయంత్రం బసకి చేరగానే ఒకరినొకరు అడుగుతారు:

"ఇయ్యాల ఎవరి బదులు పోలమ్మ మాటన్నావు?"