తీగె మీద గుడ్డలు

ఎవరైనా ప్రశ్న అడిగితే సుభాని మేస్త్రి ముందుగా వాళ్ళ చేతిలో ఒక గుడ్డ పెట్టేవాడు. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నలభై ఏళ్ళుగా ఆయన కార్ల షెడ్డు ఉంది. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు జిల్లా అంతటా ఉన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆయన నోటినుంచి తిన్నగా ఒక జవాబు విన్నామని చెప్పరు. గుడ్డ ఇచ్చేవాడు, బండి చూపించేవాడు, తన పనిలో తను పడిపోయేవాడు. జవాబు దొరికినవాళ్ళు నోరు మూసుకుని పని చేసుకునేవాళ్ళు. దొరకనివాళ్ళు మేస్త్రికి పొగరని టీకొట్ల దగ్గర చెప్పుకుని తృప్తిపడేవాళ్ళు.

డిసెంబరు నెల మధ్యలో ఒక పొద్దున నాగేంద్రం ప్రశ్న అడిగాడు. నాగేంద్రం పదిహేనేళ్ళుగా మేస్త్రి దగ్గరున్న పెద్ద శిష్యుడు. మేస్త్రి కళ్ళకి పొర కమ్ముతోంది. కొత్త సంవత్సరం మొదటి శుక్రవారం నుంచి షెడ్డు నాగేంద్రానిదేనని, అందులో ఎవరుండాలో ఎవరు పోవాలో కూడా అతని మాటేనని ఆయన చెప్పేశాడు. అది విన్న రోజునుంచి నాగేంద్రం చొక్కా గుండీలు పైదాకా పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, ఒకసారి తప్పు చేసినవాడు మారాడని నమ్మేదెట్టా?"

అడిగింది యేసోబు గురించి. యేసోబు కూడా ఆ షెడ్డులో పని నేర్చుకున్నవాడే. రెండేళ్ళ కిందట, బాగుచెయ్యడానికి వచ్చిన కారొకటి ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయి గోడకి గుద్దాడు. తెచ్చిపెట్టి, నాగేంద్రం నడిపినప్పుడు తగిలిందన్నాడు. మూడు నెలలు నాగేంద్రం ఆ నింద మోశాడు. చివరికి యేసోబు ఉండే పేటలో, మలుపు దగ్గర, పగిలిన గోడ పక్కన ఆ కారు దీపపు అద్దం ముక్క ఒకటి మేస్త్రి కంట పడి సంగతి తేలింది. యేసోబు తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఈ దసరాకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే మేస్త్రి ఏమీ అడగకుండా చేతిలో గుడ్డ పెట్టి లోపలికి రమ్మన్నాడు. నాగేంద్రానికి అదొక ముల్లు.

సుభాని షెడ్డు రెండోసారి వద్దన్నవాణ్ణి ఆ రోడ్డు మీద ఇంకే షెడ్డూ పిలవదు. యేసోబుకి వేరే పని రాదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఇదంతా నాగేంద్రానికి తెలుసు. తెలిసే అడిగాడు.

"మొన్నటికి మొన్న, ఆ తెల్ల బండి టైర్లలో గాలి చూశావారా అంటే చూశానన్నాడు మేస్త్రీ. చూళ్ళేదు. వాడి చిల్లి అట్టానే ఉంది. ఇంకా కారతానే ఉంది."

మేస్త్రి గుడ్డ అందించాడు. "బండేదో వచ్చింది. పోయి చూడు."

వచ్చింది సామ్రాజ్యం బండి. సామ్రాజ్యం యాభై దాటిన మనిషి. నెలలు నిండిన ఆడవాళ్ళని చుట్టుపక్కల పల్లెల నుంచి ఆస్పత్రికి చేర్చడం ఆవిడ పని. బండి ఆవిడదే, నడిపేదీ ఆవిడే. ఆడదానికి స్టీరింగేమిటని మొదట్లో పళ్ళికిలించిన మగమహారాజులు, తమ ఇంట్లో నొప్పులు మొదలైనప్పుడు ఆవిడ ఫోను నంబరు కోసం చెప్పులు లేకుండా పరిగెత్తారు. ఆ నవ్వులు అప్పుడెక్కడ పెట్టి వచ్చారని ఆవిడ ఎవరినీ అడగలేదు. తీరిక లేక అడగలేదు.

"ఏమయ్యా నాగేంద్రం, నా బండిలో ఎవరో కాఫీ కాస్తున్నారు, చూడు," అంది దిగుతూనే. "బస్టాండు దగ్గర షెడ్డువాడు ఇంజను మీది హెడ్డు పోయింది, అంతా విప్పాలి, పదిహేను రోజులు వదిలేసి పొమ్మన్నాడు. కడుపులో బిడ్డల్ని పదిహేను రోజులు ఆగమని ఎవడు చెప్తాడు? వాడా?"

నాగేంద్రం బానెట్టు ఎత్తి, ఇంజను చల్లారనిచ్చి నీళ్ళ డబ్బా మూత తీశాడు. ఇంజనుని చల్లబరిచే నీళ్ళు ఆ డబ్బాలో ఆకుపచ్చగా ఉండాలి. మట్టిరంగులో, మీగడ కట్టినట్టు చిక్కగా ఉన్నాయి. మూత లోపలిపక్క జిడ్డు వేలికి అంటింది. నీళ్ళలోకి ఇంజన్ ఆయిల్ వస్తోంది.

"హెడ్డేనమ్మా," అన్నాడు. అనుభవం ముదిరేకొద్దీ మెకానిక్కులకి చేతికంటే ముందు నోరు లేస్తుంది.

"ఆయిల్ పుల్ల తీశావా?" అని లోపల్నుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

తియ్యలేదు. ఆయిల్ ఎంతుందో చూసే ఆ పుల్లని అప్పుడు తీశాడు. పుల్లకంటిన ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది. నీళ్ళు కలిసిన జాడ ఎక్కడా లేదు.

"ఆయిల్ నీళ్ళలోకి పోయింది, నీళ్ళు ఆయిల్‌లోకి రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించుకుని, అప్పుడు విప్పు హెడ్డు," అన్నాడు మేస్త్రి.

ఇంజను చల్లగానే ఉంది కనక నాగేంద్రం డబ్బా మూత తీసి స్టార్టు చేయించి చూశాడు. హెడ్డు కింద గాస్కెట్టు పొర కాలిపోతే మండిన గాలి నీళ్ళలోకి దూరి బుడగలు తన్నుకొస్తాయి. పావుగంట నిలబడ్డా ఒక్క బుడగ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి ఇంజను పక్కనుండే ఆయిల్ కూలరు. అందులో కాగిన ఆయిల్ ఒకపక్క, చల్లార్చే నీళ్ళు ఒకపక్క, మధ్యలో పలచటి రేకు. ఇంజను నడిచినంతసేపూ ఆయిల్ తోపుడే ఎక్కువ. రేకు చిల్లిపడితే ఆయిలే నీళ్ళలోకి పోతుంది.

కూలరు ఊడదీసి, కన్నాలు బిగించి, తొట్టి నీళ్ళలో ముంచి గాలి కొట్టాడు. ఒక మూలనుంచి బుడగలు దండ గుచ్చినట్టు వరసగా పైకొచ్చాయి.

"హెడ్డు నిక్షేపంగా ఉందమ్మా," అన్నాడు నాగేంద్రం.

"ఇందాక పోయిందన్నావు?"

"ఇందాక చూళ్ళేదమ్మా."

"చూడకుండానే చెప్పావన్నమాట. బస్టాండు వాడికీ నీకూ ఇంక తేడా ఏందయ్యా? వాడు దూరం, నువ్వు దగ్గర."

మర్నాడు గుంటూరు నుంచి కొత్త కూలరు వచ్చింది. బిగించాక లోపల నీళ్ళు తిరిగే దారంతా కడగాలి. జిడ్డుపని, మోచేతులదాకా బురద. నాగేంద్రం దాన్ని యేసోబుకి అప్పగించాడు.

ఆ కడగడంలో మేస్త్రి పద్ధతి ఒకటుంది, అది ఇంకే షెడ్డులోనూ కనిపించదు. జిడ్డు వదిలించే పొడి కలిపిన వేడినీళ్ళు పోసి, ఇంజను కాసేపు నడిపి, ఆ నీళ్ళు వదిలేముందు తెల్లటి బనియను గుడ్డ ఒకటి ముంచి తియ్యాలి. అంచున తారీఖు రాసి గోడవెంబడి కట్టిన తీగెకి తగిలించాలి. ఎన్నిసార్లు కడిగితే అన్ని గుడ్డలు. పని పూర్తయ్యేదాకా ఒక్కటి కూడా తియ్యకూడదు. యేసోబు మూడుసార్లు కడిగి మూడు గుడ్డలు వేశాడు. మొదటిది బురద, రెండోది పలచటి టీ, మూడోది తెల్లగుడ్డే అనుకోవచ్చు. కొత్త ఆయిల్ నిండుగా, పుల్ల మీద పైగీతదాకా పోశారు. సామ్రాజ్యం బండి తీసుకుపోయింది.

ఐదో రోజున ఆవిడ తిరిగొచ్చింది. హారను దిగేదాకా ఆపలేదు.

"రొంపిచర్ల నుంచి తెల్లవారుజామున పిల్లని తెస్తున్నా. మంచు. అద్దం మసకబారి ముందు గేదుందో మనిషుందో తెలీదు. వెనక సీట్లో అది కేకలు. ఎట్టాగో చేర్చి, మగపిల్లాడని విని, బయటికొచ్చి మూత తీశా గదా, మళ్ళీ అదే కాఫీ! జిడ్డు పోయిందన్నావు. మళ్ళీ వచ్చింది. ఇంక నిన్ను నమ్మేదెట్టా?"

నాగేంద్రం డబ్బాలోకి చూశాడు. నీళ్ళ మీద జిడ్డు తెట్టె కట్టి ఉంది. గబగబా ఆయిల్ పుల్ల లాగాడు. తుడిచి, మళ్ళీ ముంచి, లాగాడు. పైగీతదాకా ఉంది.

"అమ్మా, ఇది పాతదమ్మా. కొత్తగా కారేది కాదు. చూడు, ఆయిల్ గీత చుక్కంత కూడా దిగలేదు. కొత్తగా కారితే దిగాలిగా! లోపలెక్కడో పట్టుకునుంది, అది వస్తా ఉంది. ఎన్నాళ్ళనుంచో పేరుకున్నది ఒక్కరోజులో ఎట్టా పోతది? కొంచెం ఓపిక పట్టు."

"పాతదైనా కొత్తదైనా నీళ్ళ మీద తేలితే ఒకటే రంగయ్యా," అంది సామ్రాజ్యం.

వెనక ముక్కాలిపీట మీద కూచుని టీ తాగుతున్న మేస్త్రి ఒకసారి తలెత్తి నాగేంద్రాన్ని చూశాడు. మళ్ళీ టీ తాగాడు.

అంత నమ్మకంగా చెప్పాడుగాని నాగేంద్రానికి అనుమానం పోలేదు. ఐదు రోజులకి గీత దిగనంత సన్నటి కారుడైతే? హెడ్డే విప్పాల్సొస్తే? షెడ్డు చేతికొచ్చే ముందే పేరు పోతే? అతను రెంచీ కోసం చెయ్యి చాపాడు. అప్పుడు బండి అవతలి పక్కనుంచి యేసోబు లేచి వచ్చాడు. అతన్నెవరూ పిలవలేదు, అడగలేదు.

"అన్నా, అది నా పొరపాటు. కడిగినప్పుడు హీటరు మర తిప్పలేదు. ఈ బండికి అది తిప్పితేగానీ హీటరు గొట్టంలోకి నీళ్ళు పోవు. నాకు తట్టలేదు. అమ్మా, మంచుకి అద్దం మసకబారిందన్నారే, అప్పుడు తిప్పారా?"

"తిప్పా. అద్దం కనపడక, వేడిగాలికి మసక పోద్దని తిప్పా."

"అయితే ఆ గొట్టంలో మిగిలిన పాతదంతా ఇప్పుడు బయటికొచ్చింది."

నరసరావుపేట ఎండల్లో కారు హీటరు వేసే మనిషి ఉండడు. కొన్నాళ్ళకి అక్కడొక మర ఉందన్న సంగతే అందరూ మర్చిపోతారు. అది నాగేంద్రానికీ తట్టలేదు, అతను పెద్ద శిష్యుడైనా సరే. కాని అతను ఆ సంగతిని పక్కకి నెట్టేసి మేస్త్రివైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"విన్నారా మేస్త్రీ? వాడి నోటితోనే!"

"విన్నా. నువ్వు విన్నావా?" అన్నాడు మేస్త్రి.

ఆ ప్రశ్న నాగేంద్రానికి తలకెక్కలేదు. అలాంటి వేళల్లో ఎవరికీ ఎక్కదు.

ఈసారి హీటరు మర పూర్తిగా తిప్పి కడిగారు. నాలుగో గుడ్డ మూడోదానికంటే నల్లగా వచ్చింది. యేసోబు దాన్ని కూడా, మూడోదాని పక్కనే, అందరికీ కనపడేట్టు తగిలించాడు. ఐదోది బూడిదరంగు. ఆరోది వేసినప్పుడు సామ్రాజ్యం దగ్గరికి పోయి కళ్ళజోడు పైకి తోసి చూసి, "దీంతో మొహం తుడుచుకోవచ్చు," అంది. బండి వెళ్ళిపోయింది.

కొత్త సంవత్సరం వచ్చింది. మొదటి గురువారం పొద్దున సామ్రాజ్యం ఆస్పత్రి నుంచి తిరిగిపోతూ షెడ్డు ముందు ఆగింది. ఇంజను చల్లారాక తనే బానెట్టు ఎత్తి, మూత తీసి, నాగేంద్రాన్ని పిలిచి చూపించింది. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. "చూశాకే చెప్పు," అంది నవ్వి. అతను చూసి చెప్పాడు.

ఆవిడ వెళ్ళాక నాగేంద్రం మేస్త్రి పీట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. షెడ్డు ఆఖర్న యేసోబు ఎవరిదో చక్రం ఊడదీస్తున్నాడు. వినపడదని తెలిసినా నాగేంద్రం గొంతు తగ్గించాడు.

"మేస్త్రీ, ఆ రోజు నేనడిగినదానికి మీరేం చెప్పలేదు. రేపు శుక్రవారం. వాడి సంగతి నేనేదో ఒకటి తేల్చాలి."

"టైర్లలో గాలి చూళ్ళేదని నీకెవరు చెప్పారు?"

నాగేంద్రం పైగుండీ తడుముకున్నాడు.

"వాడే. పది నిమిషాలకి వెనక్కొచ్చి, చూళ్ళేదన్నా, అబద్ధమాడా, ఇప్పుడు చూసొస్తా అన్నాడు."

"ఆ సగం నాకు చెప్పలేదే."

నాగేంద్రం నేల చూశాడు.

"హీటరు మర?"

"అదీ వాడే."

"మరి గోడకి గుద్దింది?"

"అది మీరు కనిపెట్టారు. మూడు నెలలకి."

మేస్త్రి కళ్ళు చికిలించి గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ కళ్ళకి ఆ దూరాన గుడ్డలు కనిపిస్తున్నాయో లేదో చెప్పలేం. నాగేంద్రానికి కనిపిస్తున్నాయి. బురద, టీ, తెలుపు, మళ్ళీ నలుపు, బూడిద, తెలుపు. ఆరూ వరసగా గాలికి కదులుతున్నాయి. అతను లేని పని కల్పించుకున్నవాడిలా తీగె దగ్గరికి నడిచాడు. బండి పని అయిపోయింది కనక గుడ్డలు తీసెయ్యడానికి చెయ్యెత్తాడు.

"ఉండనీ నాగేంద్రం," అన్నాడు వెనకనుంచి సుభాని మేస్త్రి. "అయింది బండి పనే. తీగె ఇంకా చాలా ఖాళీగా ఉంది."