నక్కను పాము కరిచిన పూట

కొండవార అడవిలో ఎవరికి కాలు విరిగినా డాక్టరు ఏదుపంది దగ్గరికి మోసుకెళ్లే పని మొన్నటిదాకా నక్క జంబులయ్యదే. పాపం, అతను మోసిన వాళ్లలో సగంమంది దారిలోనే పోయేవారు. జంబులయ్య పొట్ట మాత్రం నిండుగా ఉండేది. ఇప్పుడా పని కుర్రకారు చేతికొచ్చింది. ఒకతె కొమ్ములు సగమే మొలిచిన మేకపిల్ల నూకాలు, ఇంకొకడు ఒక్కచోట నిలవని కోతికుర్రాడు అప్పన్న. ఆకలితో జంబులయ్య కడుపు మండిపోతోంది.

పంచాయితీలో నోరు చేసుకున్నాడు. "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ? నెత్తురు చూస్తే ముందు వీళ్లే పడిపోతారు!"

పంచాయితీ పెద్ద, ఎద్దు సింహాద్రి నెమరేస్తూ, "అదీ నిజమే. పసిమనసులు. ఆలోచించి చెబుతాను" అన్నాడు.

అంతదాకా ఆగితే నక్క ఎందుకవుతాడు? అక్కడికక్కడే గడ్డిలో దబ్బున పడి, "పాము కరిచింది! చచ్చాన్రోయ్!" అని కళ్లు తేలేశాడు. పిల్లలు హడలి పారిపోతారని, దాంతో వాళ్ల పని ఊడుతుందని లెక్క.

వాళ్లు పారిపోలేదు. "తలవైపు నేను!" "నిన్నా నువ్వేగా!" అని కీచులాడుకుంటూనే నక్క కాళ్లు కదలకుండా వెదురుబద్దలు కట్టేశారు. నూకాలు ఒళ్లంతా వెతికింది. ఎక్కడా కాటు లేదు. అప్పన్నకు కన్ను గీటింది.

"అయ్యో, కాటెక్కడో తెలియడంలేదే! ఒళ్లంతా సూదులు వెయ్యాలి. డాక్టరుగారూ!" అని కేకేసింది.

ఏదుపంది ముళ్లు నిక్కబొడుచుకుని రానే వచ్చాడు.

"వద్దు బాబోయ్! ఏ పామూ కరవలేదు, నాటకమాడాను!"

"విషం తలకెక్కేసింది మామకి. ఇంకో నాలుగు ఎక్కువ వెయ్యండి" అన్నాడు అప్పన్న.

"తలకెక్కలేదురా వెధవా! మీరొచ్చాక దారిలో నాకొక్క ముద్ద దొరికితే ఒట్టు! ఆ ఆకలికే ఇదంతా!"

"మా అన్నని కూడా నువ్వే మోసుకెళ్లావు కదూ?" అంది గుంపులోంచి ఒక కుందేలు.

సింహాద్రి లేచి నిలబడ్డాడు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. పని పిల్లలదే. ఒక పెద్దదిక్కు వెంట ఉండాలి, అది నేనుంటాను."

"మరి మామ?" అంది నూకాలు.

"మొదలెట్టిన వైద్యం మధ్యలో ఆపకూడదమ్మా" అంటూ ఏదుపంది నక్కవైపు వీపు తిప్పాడు. జంబులయ్య అరుపు పక్క కొండదాకా వినబడింది.

నీతి: ఆపదలో మోసేవాడి వయసు కాదు, బుద్ధి చూడాలి.