పైడమ్మ నోట్లో ఇంగ్లీషు

వెనకటికి ఒక సంస్థానంలో మంత్రసాని పైడమ్మ, తనను ఇంగ్లీషు బడిలో చేర్చుకోమని జమీందారును అడిగింది. అక్కడి ఇంగ్లీషు డాక్టరు దొరసాని మాట అర్థమైతేనే కొత్త ఆసుపత్రిలో పని ఇస్తారట.

మాస్టరు చలపతిరావు మూతి విరిచాడు. "ఒక్క ముక్క రానిదానికి ఏ పునాది మీద నేర్పను, ప్రభూ?"

"అయ్యా, నిన్న పట్నం నుంచి ఎట్టా వచ్చారో ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పండి. చెబితే ఇంటికి పోతా," అంది పైడమ్మ.

"అదెంత! స్టేషన్లో టిక్కెట్టు కొని, రైలు..." మాస్టరు నాలుక కరుచుకున్నాడు.

"ఆ మాటలు మా పేట ముసలమ్మలకూ వచ్చు. ఆ పునాది చాలదా? మేం పలికేదానికీ దొరలు పలికేదానికీ తేడా ఉన్నచోటే బెత్తం పట్టండి."



"రేపటి నుంచి ముందు బెంచీ నీదే," అన్నాడు జమీందారు. అని, తన నోట వచ్చిన 'బెంచీ' మాటకు తానే విస్తుపోయాడు.